ఆకుపచ్చ గీత

మధ్యాహ్నం పన్నెండున్నరకి వరద రక్షక దళం భోజనశాలలో గోడ అరలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. మణికట్టు పట్టీ చూపించినవాళ్ళకి వాళ్ళ పళ్ళెం బయటికి వస్తోంది. పక్కవాడి పళ్ళెంలో ఏముందో ఎవరూ చూడటం లేదు. భూషణానికి ఆ పూట ఉప్పు లేని జొన్న సంకటి, ఉడికించిన సొరకాయ, వేలెడంత చేపముక్క వచ్చాయి. అరవై ఒకటో ఏట అతని రక్తపోటుకి అదే తగినదని అన్నదర్శి తేల్చింది. అతను పళ్ళెం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, తినకుండా బయటి ఆవరణలోకి చూస్తూ నిలబడ్డాడు.

అక్కడ తన్మయి మోకాళ్ళ మీద కూర్చుని కుక్కపిల్ల చేత తిండి తినిపిస్తోంది. నిజానికి ఆమె చేసేదేమీ లేదు. పిల్ల మెడపట్టీని గుర్తుపట్టి మితపాత్ర మూత తెరుచుకుంది. గోధుమరంగు గుళికలు లెక్కగా రాలాయి. పిల్ల వాటిని నాలుగు గుక్కల్లో ఊడ్చేసి, అడుగు నాకి, తలెత్తి చూసింది. మూత పడిపోయింది.

ముప్పై ఏళ్ళ కిందట చక్కెర జబ్బూ గుండె జబ్బూ ఇంటికొకరిని మంచాన పడేసిన రోజుల్లో అన్నదర్శి వచ్చింది. ఒంటిమీది పట్టీ ద్వారా రక్తాన్ని చదివి, ఎవరికి ఏది ఎంత కావాలో పూటపూటకీ నిర్ణయించి, అదే వండి అరలో పెడుతుంది. జబ్బులు నిజంగానే తగ్గాయి. దాంతోపాటు ఇళ్ళలో వంటగదులు గూళ్ళంత అయిపోయాయి. ఒకరికొకరు వడ్డించుకోవడం పోయింది. పశువులకీ కుక్కలకీ కూడా అదే ఏర్పాటు.

భూషణం పళ్ళెం కిటికీ మీద వదిలేసి బయటికి వచ్చాడు.

"ఏంటమ్మా అది, అలా బొక్కల గూడులా ఉంది? పక్కటెముకలు కనిపిస్తన్నాయి."

"కనిపించట్లేదు. చెయ్యేస్తే తగులుతున్నాయి. తగలాలి." తన్మయి తలెత్తలేదు.

"డెబ్బై కిలోల కుక్క కావాల్సింది. గుప్పెడు గుళికలతో అవుద్దా?"

"పూటకి రెండొందల ముప్పై గ్రాములు. మూడు పూటలు. పెద్ద జాతి పిల్ల తొందరగా పెరిగితే బరువు ముందొస్తుంది, ఎముక గట్టిపడటం తర్వాతొస్తుంది. మెత్తటి ఎముక మీద అంత బరువు పడకూడదు. ఇది ఎంత నిదానంగా పెరిగితే అంత మంచిది."

"ఎనిమిది కుక్కల్ని పెంచాను నేను. ఒక్కటి కుంటలేదు."

"అవి పాతిక కిలోల కుక్కలు భూషణం గారూ. దీనికీ వాటికీ పోలిక లేదు." ఆమె లేచి చేతులు దులుపుకుంది. "వెనకాల గదులు రెండు ఇంకా కడగలేదు. ముందు ఆ సంగతి చూడండి."

ఆ మాటకి భూషణం ఒళ్ళు మండిపోయింది. బందరు తీరంలో సముద్రం కరకట్టల దాకా వచ్చిన దగ్గర్నుంచీ అతను ఈ దళంలో ఉన్నాడు. తుపాను వచ్చినప్పుడల్లా కుక్కని వెంటబెట్టుకుని మెడలోతు నీళ్ళలో దిగి మనుషుల్ని లాక్కొచ్చాడు. తన చివరి కుక్క పైడి ముసలితనంతో చచ్చిపోయాక, ఇకమీదట కడలిజాతి కుక్కలే ఉంటాయన్నారు. కాళ్ళవేళ్ళ మధ్య పొర ఉన్న ఆ కుక్కలు ఒక్కొక్కటీ వరదలో ఇద్దరు మనుషుల్ని మోయగలవట. మొదటి కానుపులో పుట్టిన ఆరు పిల్లల్లో బలమైనదాన్ని తనకే ఇస్తారనుకున్నాడు. దళాధికారి ఖాదర్ వలీ దాన్ని ఇరవై ఏడేళ్ళ తన్మయికి ఇచ్చాడు. ఆమెకి పోషణ పట్టా ఉంది. భూషణానికి చీపురు మిగిలింది.

దళం పుస్తకాల్లో పిల్ల పేరు మకర. తన్మయి అలాగే పిలిచేది. భూషణం మాత్రం మొదటిరోజే దాన్ని "బుడ్డోడా" అన్నాడు.

రోజూ రెండింటికి తన్మయి నివేదికలు రాయడానికి లోపలికి వెళ్ళేది. ఒకరోజు ఆ సమయంలో బుడ్డోడు రాతిమెట్టు మీద జారి కుయ్యోమన్నాడు. భూషణం జేబులో గిలకలదిండి రేవులో కొన్న ఎండు నెత్తళ్ళ చేపలు ఉన్నాయి. ఉప్పు లేని సంకటిలో నంజుకోవడానికి దొంగతనంగా దాచుకునేవాడు. వాటిలో ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. పిల్ల ఏడుపు మానేసి ఆ చెయ్యి వాసన చూసింది. తిని, వేళ్ళ సందులన్నీ నాకింది. పైడి పోయాక ఏ ప్రాణీ ఆ చేతిని తాకలేదు. భూషణం జేబు ఖాళీ అయ్యేదాకా పెట్టాడు.

మర్నాడు చాలినన్ని తెచ్చాడు. వారం తిరిగేసరికి అదొక వంటైంది. నెత్తళ్ళు దంచిన పొడి, రాగిముద్ద, గేదెపాలు, గుడ్డు పెంకులు వేయించి నూరిన పొడి. ఎముక పుష్టికి తన పాత కుక్కలన్నిటికీ అతను పెట్టిన తిండి అదే. చిన్న డబ్బాలో తెచ్చి, చీపుర్ల గది వెనకాల రోజూ రెండూ పావుకి ముద్దలు చేసి నోటికి అందించేవాడు. మనసులో తన్మయితో మాట్లాడేవాడు. "చూస్తావుగా. ఎవరు పెంచుతున్నారో, ఎవరు చూస్తూ కూర్చున్నారో."

రెండు నెలల్లో మితపాత్ర పెట్టే తిండి పావు వంతుకి పడిపోయింది. పిల్ల బయటెక్కడో తింటోందని అన్నదర్శి గ్రహించింది. దాని పని బరువుని గీత మీద నిలపడం. అందుకని బయటి తిండికి సరిపడా తన గుళికలు తగ్గించుకుంటూ పోయింది. బరువు గ్రాము తప్పలేదు. గోడమీది తెరలో పెరుగుదల గీత ఆకుపచ్చగా, నున్నగా పైకి సాగింది. తగ్గిన గుళికలతోపాటు వాటిలోని పాళ్ళు కూడా తగ్గాయన్నదీ, పిల్ల ఇప్పుడు ముప్పాతిక భాగం భూషణం డబ్బా మీదే బతుకుతోందన్నదీ ఆ గీతలో కనిపించలేదు.

తన్మయికి అనుమానం వచ్చింది. ఒకరోజు ఆమె నేరుగా చీపుర్ల గదికి వచ్చింది. బుడ్డోడి మెడపట్టీ పట్టుకుని ఉంది.

"దీని నోరు నెత్తళ్ళ వాసన వస్తోంది."

"సముద్రం పక్కన తిరిగే కుక్క. మల్లెపూల వాసన వస్తదా?"

"మీ చొక్కా కూడా అదే వాసన."

"నేనూ సముద్రం పక్కనే తిరుగుతున్నా."

"భూషణం గారూ, మీకు నేనంటే పడదు. అది నాకు తెలుసు, దానికి నాకేమీ బాధ లేదు. కానీ ఒక్కటి సూటిగా అడుగుతున్నాను. దీనికి మీరేమైనా పెడుతున్నారా?"

బుడ్డోడు తోక ఊపుతూ భూషణం జేబు వైపు మూతి చాపాడు. భూషణం వెనక్కి జరిగాడు.

"లేదు."

"నిజంగా?"

"నీ చేత్తో తిండి తినిపించుకోలేకపోతే నా మీద పడతావేంటి? లేదని చెప్పాగా!"

ఆమె ఖాదర్ వలీ దగ్గరికి వెళ్ళింది. అతను భూషణాన్ని కూడా పిలిపించాడు. గదిలో గోడంతా తెర. తెర మీద బుడ్డోడి గీత.

"చూడమ్మా తన్మయీ. బరువు సరి. రక్తం సరి. సున్నం పాళ్ళతో సహా అన్నీ సరి. బయట తింటున్న పిల్ల గీత ఇలాగుంటుందా?"

"సార్, మీరు గీతని చూస్తున్నారు. నేను పిల్లని చూస్తున్నాను. ముందుకాళ్ళు మణికట్ల దగ్గర బయటికి తిరుగుతున్నాయి. ఒక్కసారి వచ్చి నడిపించి చూడండి."

"అన్నదర్శికి కనపడనిది నీకు కనపడిందా?"

"కనపడింది."

"తోటివాడి మీద ఆధారం లేకుండా నింద వేస్తున్నావు. ముసలాయన. పాతికేళ్ళ పైన చేసినవాడు."

భూషణం నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ తలవంపు వినయంలా కనిపించిందని అతనికి తెలుసు.

ఆ వారమే అయిదో నెల పరీక్ష. ఆవరణ మధ్యలో పిల్లని వదిలి, శిక్షకురాలు యాభై అడుగుల దూరం నుంచి పిలవాలి. తన్మయి పిలిచింది. "మకరా!" పిల్ల చెవులు నిక్కించింది. రెండడుగులు వేసింది. అంతలో గోడవారన చీపురు పట్టుకుని నిలబడ్డ భూషణం కనిపించాడు. అతను పిలవలేదు, కదల్లేదు. కదలకపోయినా ఏమవుతుందో అతనికి తెలుసు, తెలిసే అక్కడ నిలబడ్డాడు. బుడ్డోడు గిరుక్కున తిరిగి అతని దగ్గరికి పరిగెత్తి, అరచెయ్యి వెతుక్కున్నాడు. ఖాదర్ వలీ పలక మీద ఏదో రాసుకున్నాడు.

తన్మయిని నాగాయలంక గోదాముకి బదిలీ చేశారు. శిక్షణకి తగదనీ, సహచరుల మీద అపవాదులు వేసిందనీ ఆమె పత్రంలో చేరింది. వెళ్ళేరోజు ఆమె సంచీ భుజాన వేసుకుని భూషణం ముందు ఆగింది.

"మీరు అబద్ధం చెప్పారు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. దాని ముందుకాళ్ళు చూడండి. రోజూ చూడండి. నా కోసం కాదు."

"పో పో. పడవ దాటిపోద్ది," అన్నాడు భూషణం.

బుడ్డోడు అతని కుక్క అయ్యాడు. కొత్త బట్టలిచ్చారు. చీపురు ఇంకెవరికో వెళ్ళింది. ఇప్పుడు డబ్బా దాచుకోవలసిన అవసరం కూడా పెద్దగా లేదు. రెండు నెలలు అతనంత సంతోషంగా ఎప్పుడూ లేడు. పొద్దున్నే కరకట్ట మీద నడుస్తుంటే ఏడు నెలల బుడ్డోడు మోకాలి పైదాకా వచ్చేవాడు. జాలర్లు ఆగి చూసేవారు. ముందుకాళ్ళు వంకరగా పడుతున్నాయని అతనికి కనిపించకపోలేదు. పెరిగే వయసు, సర్దుకుంటాయిలే అనుకున్నాడు. పొద్దున లేవగానే కుక్క మొదటి పది అడుగులు బిగుసుకుపోయి నడుస్తోంది. చలికి అనుకున్నాడు.

కరకట్ట మెట్ల మీంచి నీళ్ళలోకి దూకే సాధన మొదలుపెట్టిన రోజు బుడ్డోడు పైమెట్టు మీద ఆగిపోయాడు. భూషణం కింద నీళ్ళలో నిలబడి పిలిచాడు. కుక్క ముందుకాలు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. "రారా బుడ్డోడా, నేనున్నాగా!" అతని గొంతుకి అది ఎదురు చెప్పలేకపోయింది. దూకింది. మూడో మెట్టు మీద పడి, భూషణం ఎప్పుడూ వినని ఒక అరుపు అరిచింది.

దళం పశువైద్యురాలు డాక్టర్ ప్రసూన లోచూపు బొమ్మలు తీసి తెరమీద పెట్టింది. ముందుకాళ్ళ ఎముకలు రెండూ విల్లులా వంగి ఉన్నాయి. భుజాల కీళ్ళలో మృదులాస్థి పెచ్చులు లేచిపోయింది. ఖాదర్ వలీ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"తిండిలో లోపమైతే గీత చూపించేది," అంది ప్రసూన. "గీతలో ఏమీ లేదు. అంటే పుట్టుకలోనే ఉంది లోపం. తల్లి నుంచి వచ్చుంటుంది."

"అయితే?" అన్నాడు ఖాదర్ వలీ.

"దీనితోపాటు తల్లినీ, తోడబుట్టిన అయిదింటినీ జాబితాలోంచి తీసేయాలి. ఈ జాతిని ఇళ్ళకివ్వకూడదని నియమం కదా. నిద్రపుచ్చడమే."

భూషణం బయటికి వచ్చాడు. పక్కనున్న గదుల్లో మిగతా అయిదు పిల్లలూ మధ్యాహ్నపు ఎండలో పడుకుని ఉన్నాయి. అవి బుడ్డోడికంటే కొంచెం సన్నగా ఉన్నాయి. ఒకటి లేచి ఒళ్ళు విరుచుకుంది. దాని కాళ్ళు నాలుగూ గుంజల్లా నిటారుగా ఉన్నాయి. ఇంకొకటి లేచింది. దానివీ అంతే. అతను అయిదింటి కాళ్ళూ చూశాడు. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. గీత అతని వైపే ఉంది.

లోపలికి వెళ్ళి, "పుట్టుక కాదమ్మా. నేను పెట్టాను," అన్నాడు.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను అన్నీ చెప్పాడు. నెత్తళ్ళ పొడి, రాగి, పాలు, పెంకుల పొడి. మూడో నెల నుంచి, రోజూ రెండూ పావుకి.

ప్రసూన తెరమీద ఒక అర తర్వాత మరో అర తెరుచుకుంటూ పోయింది. అట్టడుగున 'బాహ్యాహారం' అని ఒకటి ఉంది. తెరిచింది. నాలుగు నెలల తేదీలు వరసగా ఉన్నాయి. ప్రతి తేదీ ఎదురుగా మధ్యాహ్నం రెండూ పావు.

"అన్నీ ఇక్కడే ఉన్నాయి," అందామె నెమ్మదిగా. "బరువు సరిగ్గా ఉంది కాబట్టి హెచ్చరిక ఇవ్వలేదు. మనమూ తెరవలేదు."

"మరి రక్తంలో సున్నం సరిగ్గా ఉందన్నారే?" అన్నాడు భూషణం.

"రక్తంలో ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఒళ్ళు దాన్ని అటూ ఇటూ పోనివ్వదు. పెద్ద కుక్కయితే ఎక్కువైంది బయటికి పంపేస్తుంది. చిన్న పిల్లకి అది చేతకాదు, పెట్టిందంతా లోపలికి లాగేసుకుంటుంది. లాక్కున్నదంతా ఎముకల్లోకి పోయి, ఎముక పెరిగే తీరునే చెడగొడుతుంది. మీరు పుష్టి అనుకున్నదే దాన్ని వంచేసింది. తల్లిలో లోపమేమీ లేదు, దాన్నీ మిగతా అయిదింటినీ ముట్టక్కర్లేదు."

ఖాదర్ వలీ ముఖం నల్లబడింది. "ఆ అమ్మాయి నిన్ను మొహాన అడిగింది."

"అడిగింది సార్."

"లేదన్నావు."

"అన్నాను."

"నా గదిలో నిలబడి తల దించుకున్నావు. నీ వయసు చూసి నమ్మాను."

"మీరు నన్ను నమ్మలేదు సార్," అన్నాడు భూషణం. "గీతని నమ్మారు. నన్ను అసలు అడగనేలేదు."

"నోర్ముయ్! తప్పు నాకు అంటగడతావా?" ఖాదర్ వలీ బల్ల చరిచాడు. "సాయంత్రంలోగా నీ సామాను తీసుకుని పో. ఆ కుక్కని కూడా తీసుకుపో. లేకపోతే డాక్టరు గారు చూసుకుంటారు. నియమం నేనెరగను, నాకది కనపడకూడదు."

మెడపట్టీ కోసేశారు. పట్టీ లేని జంతువుకి ఎక్కడా మితపాత్ర తెరుచుకోదు. ఆ సాయంత్రం భూషణం గిలకలదిండి రోడ్డులో పట్టీ లేని కుక్కల తిండి అమ్మే కొట్టుకి వెళ్ళాడు. బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి వెనకాల చిన్న అక్షరాల్లో అంకెలు. మాంసకృత్తులు ఇంత, కొవ్వు ఇంత, సున్నం ఇంత.

"ఏది మంచిది?" అని అడిగాడు.

కొట్టువాడు వింతగా చూశాడు. "అన్నీ కుక్కలవే కదండీ. ఏదో ఒకటి తీసుకోండి. ఎవరూ అడగరు అలాగ."

ఏడు నెలల కిందటి భూషణమైతే అన్నిటికంటే బలమైన బస్తా ఎత్తుకునేవాడు. ఇప్పుడు చెయ్యి ముందుకి పోలేదు. ప్రతి బస్తా మీదా బుడ్డోడి వంగిన ఎముకలే కనిపించాయి. ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాడు. ప్రసూన ఇచ్చిన గుళికల పొట్లం రెండు రోజులకే వస్తుంది.

మర్నాడు పొద్దున్నే నాగాయలంక పడవ ఎక్కాడు.

తన్మయి గోదాము వెనకాల రెండు గదుల ఇంట్లో ఉంటోంది. తలుపు తీసి అతన్ని చూసింది. తర్వాత కుక్కని చూసింది. కుక్క ముందుకాళ్ళ దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"ఇది చూపించడానికి తెచ్చారా?"

"తప్పు చేశానమ్మా. చెప్పేశాను, అందరికీ. నీ మీద రాసింది కొట్టేయమని కాగితం రాసిచ్చాను."

"నా మీద రాసిందాని గురించి అడిగానా?" అంది ఆమె కోపంతో. "నేనడిగినప్పుడు ఒక్క మాట నిజం చెప్పుంటే, అయిదో నెలలో ఆపేసుంటే, ఈ కాళ్ళు ఇలా ఉండేవి కావు. మీకు నామీద గెలవడం కావాల్సొచ్చింది. గెలిచారు. ఇప్పుడేం కావాలి?"

"ఏం పెట్టాలో నాకు తెలియట్లేదు."

ఆమె తలుపు వేసేస్తుందనుకున్నాడు. వేయలేదు. గుమ్మం మీదే కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని, కచేరీలో ముద్దాయిని అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది.

"నెత్తళ్ళ పొడి ఎంత? గుప్పెడా, రెండు గుప్పిళ్ళా? మీ గుప్పెడు చూపించండి. పెంకుల పొడి? పాలు లీటరా, అరా? రాగిముద్ద ఎంత లావు? ఏ నెలలో పెంచారు?"

అతను ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. ఒక్కటీ తగ్గించి చెప్పలేదు. ఆమె రాసుకుంటూ రెండుసార్లు కళ్ళు మూసుకుంది.

తర్వాత ఆమె అతన్ని వెంటబెట్టుకుని రేవు పక్క అంగడికి వెళ్ళింది. మొదటి బస్తా తిప్పి చూసి పక్కకి తోసింది. "ఇది చిన్న జాతి పిల్లలది. కొవ్వు ఎక్కువ, ఒక్క నెలలో ఊదేస్తుంది." రెండోది చూసింది. "సున్నం వందకి రెండు పాళ్ళ పైన ఉంది. విషం పెట్టినట్టే." మూడోది పెరిగిన కుక్కలది. అదీ వద్దంది. నాలుగోది అడుగున ఉంది. దుమ్ము దులిపి చదివింది. "పెద్ద జాతి పిల్లలకి. సున్నం వందకి ఒకటింపావు. భాస్వరం ఒకటి. ఇది. పదిహేను నెలలొచ్చేదాకా ఇదే. పాలు లేవు, పొడులు లేవు, మీ జేబు లేదు."

"ఎంత పెట్టాలి?"

"మీరు పెట్టరు." ఆమె బస్తా భుజానికెత్తుకుంది. "కుక్క ఇక్కడుంటుంది. మీరుండరు. అది మొహం చూసి అడిగితే మీరు కాదనలేరు. మీలాంటివాడు పక్కనుంటే దీని కాళ్ళు నిలబడవు. ఒప్పుకుంటే ఒప్పుకోండి, లేదంటే కుక్కనీ బస్తానీ తీసుకుని పడవెక్కండి."

అతను ఒప్పుకున్నాడు. పగ్గం ఆమె చేతికిచ్చి, బుడ్డోడి తల నిమరకుండా వెళ్ళిపోయాడు. నిమిరితే వదల్లేడు.

అయితే బందరు తిరిగి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. నాగాయలంక రేవులోనే వలలు ఉంచే గది ఒకటి అద్దెకి తీసుకున్నాడు. నాలుగో రోజు పొద్దున తన్మయి అక్కడికి వచ్చింది. కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి.

"తినట్లేదు," అంది. "మూడు రోజులైంది. గిన్నెలో పెట్టాను, నేల మీద పెట్టాను, నా చేత్తో పెట్టాను. మూతి తిప్పేసుకుంటోంది. నీళ్ళు మాత్రం తాగుతోంది. మితపాత్ర లేకపోయేసరికి గిన్నెలో ఉన్నది తిండి అని దానికి తెలియట్లేదు. మీ అరచేతిలో ఉంటేనే తిండి." ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో ముఖమే చెప్పింది. "రండి. మీ కోసం కాదు."

ఆ రోజు నుంచి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అతను ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళేవాడు. ఆమె ముందు అతని జేబులు తడిమి చూసేది. చేతులు కడిగించేది. తక్కెడలో గుళికలు తూచి, ఎదురుగా నిలబడి, గుప్పెడు గుప్పెడుగా అతని చేతిలో పోసేది. అతను అందించేవాడు. బుడ్డోడు ఆ చేతిలోంచి ఆబగా తిని, అయిపోయాక జేబు వైపు మూతి చాపేవాడు.

"కాదనండి," అనేది ఆమె.

"వద్దురా," అనేవాడు భూషణం. మొదటి రోజు ఆ మాట గొణిగినట్టే అన్నాడు. బుడ్డోడు కుయ్యిమని, కాలు పైకెత్తి అతని మోకాలి మీద వేశాడు. వంగిన కాలు. "వద్దురా," అన్నాడు మళ్ళీ.

ఆమె ఎప్పుడూ లోపలికి రమ్మనలేదు. వానలో కూడా గుమ్మం బయటే. వారానికోసారి కుక్కని తూచి, పక్కటెముకల మీద వేళ్ళు ఆడించి, కాళ్ళ కొలతలు రాసుకునేది. ఒకరోజు పలక మీంచి తల ఎత్తకుండానే అంది: "ఖాదర్ వలీ మళ్ళీ రమ్మని కబురు పెట్టాడు. గీత చూసి పంపించాడు, ఇప్పుడు ఇంకో గీత చూసి పిలుస్తున్నాడు. నేను పోను." అతను కొలతలకి కుక్కని కదలకుండా పట్టుకున్నాడు.

నెల తర్వాత ఆమె పద్ధతి మార్చింది. అతని అరచేతి కింద తన అరచెయ్యి పెట్టింది. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి, పైన గుళికలు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆమె చెయ్యి బిగుసుకుపోయి ఉంది. తనని తాకడం ఆమెకి ఎంత అసహ్యమో ఆ బిగువులో భూషణానికి తెలిసింది. పది రోజుల తర్వాత చేతులు తారుమారయ్యాయి. ఆమెది పైన, అతనిది కింద. బుడ్డోడు వాసన చూసి ఆగాడు. కింది చెయ్యి వాసన అందాక తిన్నాడు. అతను చేతిని రోజుకి కొంచెం కొంచెం కిందికి దించాడు.

తొమ్మిదో నెల నిండే సమయానికి ఎముకలు తేరుకున్నాయి. పూర్తిగా కాదు. కుడికాలు ఎప్పటికీ కొంచెం బయటికే ఉంటుందని ప్రసూన పంపిన బొమ్మల్లో తేలింది. బుడ్డోడు ఇక వరదలోకి దిగలేడు, మెట్లు ఎక్కలేడు. కానీ నొప్పి లేకుండా నడుస్తాడు.

ఒక సాయంత్రం తన్మయి భూషణాన్ని వాకిట్లో వేపచెట్టు దగ్గర నిలబడమంది. తను గుమ్మంలో కూర్చుని చెయ్యి చాచింది. ఒక్క చెయ్యే.

"బుడ్డోడా," అని పిలిచింది. ఆ పేరుతో ఆమె పిలవడం అదే మొదటిసారి.

కుక్క ఇద్దరి మధ్యా నిలబడింది. భూషణం వైపు చూసింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని నేల చూశాడు. ఎన్నాళ్ళ కిందటో ఒక పరీక్షరోజు కదలకుండా నిలబడ్డాడు. ఈసారి కూడా కదల్లేదు. ఇప్పుడు కదలకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలియదు. కాసేపటికి గుళికలు కొరుకుతున్న చప్పుడు వినిపించింది. చివరి గింజ దాకా వినిపించింది.

తన్మయి లేచి చెయ్యి గుడ్డకి తుడుచుకుంది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"ఆదివారాలైనా..."

"వద్దు. మీరు కనిపిస్తే మళ్ళీ నా చేతిలోది ముట్టదు."

"బరువెంతుంది ఇప్పుడు?"

చెప్పాలా వద్దా అని ఆమె ఆలోచించినట్టుంది. "నలభై ఎనిమిదిన్నర. ఉండాల్సినంతే ఉంది."

భూషణం తల ఊపి గేటు తీశాడు. బుడ్డోడు గబగబా నాలుగడుగులు అతని వెంట వచ్చాడు. ఆ నడకలో కుంటు చాలావరకు పోయింది. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి తన్మయి ముఖంలోకి చూశాడు. వెళ్ళనా వద్దా అని ఆమెని అడుగుతున్నాడు.

"రా లోపలికి," అందామె.

కుక్క లోపలికి వెళ్ళింది. భూషణం గేటు మూసి, గొళ్ళెం పడిందో లేదో చేత్తో లాగి చూసి, రేవు వైపు నడిచాడు.